నా కుడికాలు, కొత్త క్యాసెట్లు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ క్యాసెట్ ఆడుతుందో, ఏది మూలన పడుతుందో ముందే తేల్చగల మనిషి ఆ రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. పాట మొత్తం వినక్కర్లేదు, పల్లవి సగమయ్యేసరికి నా తీర్పు సిద్ధంగా ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నా తీర్పు మీద రెండు దుకాణాలు నడిచాయి, ఆ రోడ్డు మీద ఆటోలు నడిచాయి. సంగీతం ఎక్కడ నేర్చుకున్నావు మారయ్యా అని అడిగేవారు. మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అక్కడ సంగీతం అంటే సారు బెత్తం గాలిలో చేసే చప్పుడే. మిగతాది పుట్టుకతో వచ్చింది. నేను పుట్టగానే ఏడవలేదనీ, గొంతు సవరించుకున్నాననీ మా అమ్మ చెప్పేది. ఒకసారి చేవెళ్ల నుంచి వచ్చే బస్సు హారన్ విని, డ్రైవర్ పొద్దున జొన్నరొట్టె తిన్నాడని చెప్పాను. దిగాక అడిగితే రొట్టే అన్నాడు. చెవి అంటే అట్లా ఉండాలి.

అవి హైటెక్ సిటీ కొత్తగా మొలిచిన రోజులు. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడదీసేవారు. మా రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. నిన్నటిదాకా జొన్న పండిన చేలల్లో పిల్లలు సంచులు తగిలించుకుని నడుస్తున్నారు. జన్వాడ వైపు ఫాంహౌసులు వచ్చాయి. అక్కడ శనివారం పాటలు మొదలైతే మా బర్రెలు ఆదివారం పాలిచ్చే ముందు, “అయిపోయినయా” అన్నట్టు నా ముఖంలోకి చూసేవి.

పొద్దున్నే నేను మొయినాబాద్‌లో సరోజమ్మ హోటల్‌కు పాలు పోసి, ఊరికి తిరిగి పోవడానికి షేరాటో కోసం చూసేవాణ్ని. షేరాటో నిండితే గానీ కదలదు. అది నిండేలోపు కూర్చోవడానికి చౌరస్తాలో జనార్దన్ క్యాసెట్ల దుకాణం ముందు ఒక బెంచీ ఉండేది. జనార్దన్ కుర్రాడు, మాటకారి. చేవెళ్లలో ఇలాంటి దుకాణమే అతని బావ జగదీశ్‌ది. ఈ ఇద్దరూ ఏది తెప్పిస్తే ఆ దారిలో అదే మోగుతుంది. ఎందుకంటే మా దగ్గర కాలేజీ పిల్లలు ఆటో ఎక్కే ముందు డ్రైవర్ ముఖం చూడరు, టైరు చూడరు. లోపల ఏ పాట వస్తోందో చెవి పెట్టి విని ఎక్కుతారు. కొత్త పాట లేని ఆటో ఎండలో నిలబడి ఉంటుంది. కాబట్టి ఆటోవాళ్లంతా కొత్త క్యాసెట్ కోసం జనార్దన్ దగ్గరికే పరుగెత్తేవారు.

జనార్దన్ నాకు చాయ్ తెప్పించి, కొత్తగా వచ్చిన క్యాసెట్ వేసి, “ఎట్లున్నది తాతా?” అనేవాడు. నేను చెప్పేవాణ్ని.

ఆ ఏడాది నా ముందుకు వచ్చిన వాటి సంగతి చెప్పాలి. మొదట ఒక పెద్ద హీరో సినిమా పాటలు. తొలి పాటలో ఆ హీరో ఎవరో మనకు తెలియజేస్తారు. పిడుగు అంటారు, తుఫాను అంటారు, వెనక నుంచి ఊరి జనమంతా “హేయ్ హేయ్” అని ఒప్పుకుంటారు. ఆ హేయ్‌లు తీసేస్తే మిగిలిన పాట పోస్టుకార్డు వెనక పట్టేస్తుంది. రెండో పాటలో ఆ పిడుగే ఒక పిల్ల ముందు నేల మీద పొర్లుతూ బతిమాలుతుంది. మూడో పాటకు ఇద్దరూ మంచు కొండల మీదికి పోతారు. ఎందుకు పోయారో పాటలో చెప్పరు. చలికి పళ్లు కొట్టుకునే చప్పుడు మాత్రం తాళంలో కలిపారు.

తర్వాత ఒక ప్రేమ ఓడిన కుర్రాడు వచ్చాడు. ఇతనికి సినిమా లేదు, ఒట్టి పాటలే. దాన్ని ఆల్బమ్ అంటారని జనార్దన్ చెప్పాడు. క్యాసెట్ ‘ఏ’ సైడంతా ఏడుస్తాడు. తిప్పి బీ సైడ్ వేస్తే అక్కడా ఏడుస్తూనే దొరుకుతాడు. ముక్కు చీదుకోవడానికి కూడా ఆగడు. నాలుగో పాట అయ్యేసరికి అతణ్ని వదిలిపోయిన పిల్ల మీద నాకు గౌరవం పుట్టింది.

ఇంకొకటి రీమిక్స్. మా వయసు నాటి పాటను పట్టుకొచ్చి దాని కడుపులో పిండిమర బిగించారు. పాట పాపం లోపల ఎక్కడో నలుగుతూ ఉంటుంది. పైన మర ఆగదు. మధ్యలో ఒకడు వచ్చి బస్సు వెళ్లిపోతున్నట్టు ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి మాయమవుతాడు. మరొక దాంట్లో బొంబాయి గాయకుడు తెలుగు మాటను వేడి మిర్చీబజ్జీలాగా నోట్లో ఇటూ అటూ తిప్పాడు. మింగడు, ఉమ్మడు. ఇక కంప్యూటర్ ప్రేమ పాటలు. గుండెను హార్డ్ డిస్కు అన్నాడు, కన్నీటిని ప్రింటవుట్ అన్నాడు, ఆమె పేరు కొడితే గానీ తను తెరుచుకోనన్నాడు. చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన సరోజమ్మ నిలబడి విని, “గీ పిల్లగాడు ప్రేమిస్తున్నడా, రిపేరు చేస్తున్నడా?” అని అడిగింది. భక్తి క్యాసెట్లు కూడా వచ్చాయి, సినిమా ట్యూన్ల మీద. దేవుడి పాట వింటే ఆ సినిమాలో పిల్ల వేసుకున్న బట్టలు గుర్తొస్తాయి. ఆ సినిమా పాట వింటే లేచి దండం పెట్టబుద్ధవుతుంది.

అన్నిటినీ నోరారా తిట్టాను. మెచ్చినవీ లేకపోలేదు. ఒకాయన ఒట్టి వేణువు వాయించిన క్యాసెట్ ఉండేది. వింటుంటే తెల్లవారుజామున చేలో ఒక్కణ్నే నిలబడ్డట్టు ఉండేది. “ఇది ఆడుతదిరా, బాజాప్తా ఆడుతది” అన్నాను. జనార్దన్ తల ఊపాడు.

కాసేపటికి దాహమై, దుకాణం వెనక ఉన్న కుండ దగ్గరికి పోయాను. జనార్దన్ నన్ను చూడలేదు. చేవెళ్లకు ఫోన్ కలిపి బావతో మాట్లాడుతున్నాడు.

“జగదీశ్ బావా, గా పిల్లనగ్రోవి క్యాసెట్ తెప్పియ్యకు. తాత కాలు కదిలింది... అవ్, కుడికాలే. బొటనేలు తోని షురూ అయి మడిమె దాక పోయింది. ఇగ అది లేవది. గా ఏడుపు పోరనిది మాత్రం ఇంక రెండు డబ్బాలు జెప్పు. దానికి కాలు రాయి లెక్క ఉండె.”

చెంబుతో సహా ముందుకు వచ్చి నిలబడ్డాను. జనార్దన్ ఫోన్ పెట్టేశాడు. ముఖంలో సిగ్గు లేదు.

“ఏందిరా, నా కాలు మీద దుకాణం నడుపుతున్నవా?”

“నోటి మీద నడుపుదామనే అనుకున్న తాతా. గని నోరు నువ్వు చెప్పినట్టు వింటది. కాలు ఎవ్వలి మాటా వినది.”

“అయితే నాకు మంచిగనిపిచ్చిందీ...”

“జనానికి అనిపియ్యది. ఇంతవరకు ఒక్కపారి తప్పలే. నువ్వు కాలూపితే ఆ క్యాసెట్ అడ్రస్ ఉండది. నీది దేవుడిచ్చిన కాలు. జర పైలంగ చూసుకో, ముల్లు గిల్లు గుచ్చుకోనియ్యకు.”

“అందుకేనా రోజు చాయ్ తాపుతున్నవ్?”

“మరి మా దుకాణానికి నువ్వే గద తాతా పెద్ద దిక్కు.”

కాబట్టి మొదట్లో నేను చెప్పిన గొప్ప ఇక్కడ కొంచెం సర్దుకుంటాను. నేను తిట్టిన ప్రతి క్యాసెట్ ఆటోల్లో టేపు అరిగేదాకా ఆడింది. మెచ్చినవన్నీ జనార్దన్ దుకాణంలో అద్దం వెనక ఎండకు రంగు వెలిసి కూర్చున్నాయి. అయినా నా తీర్పు ఒక్కసారి కూడా తప్పలేదన్న మాట మాత్రం నిజం. తిరగేసి చదువుకోవాలి, అంతే.

ఇంటికి పోయి నా భార్య అంతమ్మకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ విన్నది.

“పోనీ, ఇన్నేండ్లకు నీ ఒంట్ల ఒక్కటన్న పనికొచ్చింది” అన్నది. రాళ్లు ఏరుతూ, “నన్ను చూడనీకి వచ్చిననాడు కదిలిందా కాలు?” అని అడిగింది.

“రెండు కాళ్లూ కదిలినయే.”

“గందుకే మన సంసారం గిట్లున్నది” అని చేట దులిపింది.

నెల తిరక్కముందే నా కాలి సంగతి రోడ్డంతా పాకింది. ఆటోవాళ్లు నా మోకాలికి నమస్తే పెట్టేవారు. నాకూ బాగానే ఉండేది. ఎస్తేర్ వచ్చి మా వాకిట్లో నిలబడేదాకా.

ఎస్తేర్ మా వెనకింటి స్వామిదాసు కూతురు. స్వామిదాసు మెహదీపట్నం బస్సులో కండక్టర్. బస్సు దిగినా “ముందుకు జరుగుండ్రి” అని ఇంట్లోవాళ్లను జరిపే మనిషి. ఆ పిల్ల చర్చిలో పాడుతుంది. పొద్దున్నే వాళ్ల దొడ్లో కూర్చుని సాధన చేస్తుంది. ఇవతల నేను పాలు పిండుతుంటాను. ఆమె పాట వింటే బర్రె తోకాడించడం మానేసేది. తోక ఆడిస్తే పాట చెడుతుందని దానికి కూడా తెలుసు.

డిగ్రీ అయిపోయింది. పట్నంలో ఒక చిన్న క్యాసెట్ల కంపెనీ ఆమె చేత ప్రేమ పాటల ఆల్బమ్ పాడించింది. ఆల్బమ్ పేరు నేను చెప్పను, ఆ పేరులోనే ఒక సెల్‌ఫోన్ ఉంది. ఇంట్లో తండ్రీకూతుళ్లకు పెద్ద వాదన జరిగింది. చివరికి స్వామిదాసు తేల్చి చెప్పాడు. ఇది మన మొయినాబాద్, చేవెళ్ల రోడ్డు మీద ఆడితే పాడుకో. సొంత ఊళ్లోనే ఆడనిది ఇంకెక్కడ ఆడుతుంది? ఆడకపోతే పాటలు బంద్, అమీర్‌పేటకు పోయి జావా నేర్చుకో. జావా అంటే ఏమిటో స్వామిదాసుకు తెలియదు. బస్సులో ఎక్కే పిల్లలంతా దాని గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అది మంచిదే అయి ఉంటుందని ఆయన నమ్మకం.

“శనివారం జనార్దనన్న దుకాణంల నా క్యాసెట్ వేస్తరట తాతా” అన్నది ఎస్తేర్. “నీ కాలు కదలొద్దు.”

“నీ పాటకు కదలకుంట ఎట్ల ఉంటది బిడ్డా?”

“గదే నా భయం.” ఆ పిల్ల అరుగు మీద కూలబడింది. “ఇంత సదివిన, ఇన్నేండ్లు పాట నేర్సుకున్న. ఆఖరికి నా తలరాత నీ బొటనేలు మీద రాసిపెట్టిండు దేవుడు.”

“జర బట్టుకుంట.”

“జర కాదు తాతా. మొత్తం బట్టుకో.”

సాయంత్రం అంతమ్మ ముందు సాధన చేశాను. కుడికాలు మడిచి దాని మీద కూర్చుని, పైనుంచి తువాలతో కట్టుకున్నాను. అంతమ్మ రేడియో పెట్టింది. వార్తలు వచ్చినంత సేపు కాలు బుద్ధిగానే ఉంది. తర్వాత ఎవరో బతుకమ్మ పాట ఎత్తుకున్నారు. కాలు తువాలతో సహా లేచి మంచం కోడుకు తగిలింది. “ఇగ ఆ పిల్ల జావాకే” అన్నది అంతమ్మ.

శనివారం పొద్దెక్కాక అందరం దుకాణంలో కూడాం. జనార్దన్ కౌంటర్ వెనక. చేవెళ్ల నుంచి జగదీశ్ పని మానుకుని వచ్చాడు. కంపెనీ తరఫున మహేశ్వర్ అనే ఆయన, నడుముకు సెల్‌ఫోన్, నెత్తి మీద నల్లద్దాలు. మొయినాబాద్ ఎండలో కళ్లకు పెట్టుకోవలసినవి నెత్తికెందుకో నాకు అర్థం కాలేదు. స్వామిదాసు డ్యూటీ మధ్యలో ఖాకీ బట్టలతోనే వచ్చాడు. బయట షట్టర్ దగ్గర మా ఊరి ఆటో ఎల్లేశ్. అతని పక్కన ఎస్తేర్, గోడకు ఆనుకుని.

“కాలు బయటవెట్టు తాతా. దొంగాట లేదు” అన్నాడు జనార్దన్.

“చాపితే మోకాలు గుంజుతున్నదిరా.”

“ఒక్క రెండు పాటల దాకన్న మడుసుకో పోనీ. తర్వాత తియ్యాలె.”

క్యాసెట్ వేశాడు. నేను రెండు చేతులతో నా కాలి మడమను గట్టిగా పట్టుకున్నాను. ముందు ఎవడో “వన్, టూ” అని లెక్కపెట్టాడు. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు డ్రమ్ములు మొదలయ్యాయి. అప్పుడు ఎస్తేర్ వచ్చింది. వచ్చిందని ఆమె పేరు అట్ట మీద ఉంది కాబట్టి చెబుతున్నాను. ఏదో మిషిన్ పెట్టి ఆ గొంతును సన్నగా, రబ్బరులాగా లాగారు. బావిలోకి దించారు. ఆమె ఒక మాట అంటే, ఆ మాట నాలుగుసార్లు తిరిగి వచ్చి “నేనే, నేనే” అంటోంది. చరణం మధ్యలో ఒక మగ గొంతు “కమాన్” అని కేక వేసి పోతోంది. ఎవర్ని రమ్మంటున్నాడో, వచ్చాక ఏం చేస్తాడో ఎక్కడా చెప్పలేదు.

రెండో పాట. కాలిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మూడోది. అప్పుడు తెలిసింది నాకు. నేను పట్టుకున్నది లేవాలని చూడటమే లేదు. పారిపోయే ఉద్దేశమే లేని కోడిని గంప కింద మూసి, పైన కూర్చుని చెమటలు కారుస్తున్నాను. మెల్లగా కాలు తీసి బయట పెట్టాను. అది అక్కడ ఎవరిదో కాలులాగా పడి ఉంది.

జనార్దన్ వంగి చూశాడు. “రాయి” అన్నాడు.

జగదీశ్ కూడా వంగాడు. “రాయి కాదు బామ్మర్ది, గుట్ట.”

“డబ్బాలు ఎన్ని పెట్టమంటరు?” అన్నాడు మహేశ్వర్.

“ఎన్నుంటే అన్ని పెట్టుండ్రి.”

స్వామిదాసు చేతిలో ఉన్న టికెట్ల సంచి సర్దుకుని, ముఖంలో సంతోషం కనిపించకుండా దగ్గాడు. నేను ఎస్తేర్ వైపు చూశాను. ఆ పిల్ల నన్నే చూస్తోంది.

“నిజంగనే కదలలేదా తాతా? పట్టుకున్నవా?”

“పట్టుకునే పనే పడలే బిడ్డా.”

ఆమె కోరుకున్నదే జరిగింది. కోరుకున్నది జరిగినప్పుడు మనిషి ముఖం అట్లా ఉండదు. జావా తప్పిన పిల్లలాగా లేదు. తన పెండ్లి పత్రిక మీద వేరేవాళ్ల పేరు చదివిన పిల్లలాగా ఉంది.

నాలుగో పాట నడుస్తోంది. చరణం సగంలో ఉండగా కరెంటు పోయింది. మొయినాబాద్‌లో కరెంటు పోతే ఎవరూ ఆశ్చర్యపోరు. “అగో” అన్నాడు జనార్దన్, అంతే. దుకాణం నిశ్శబ్దమైంది. రోడ్డవతల సరోజమ్మ స్టవ్వు చప్పుడు వినబడింది.

పాట మాట మధ్యలో తెగి ఆగింది. దాన్ని అట్లా వదిలేయడం ఇష్టం లేకనో, కోపంతోనో, ఎస్తేర్ గోడకు ఆనుకునే ఆ మాట పూర్తి చేసింది. తర్వాత దాని పక్క మాట. అదే పాట, అవే మాటలు. తొందర లేకుండా పాడుతుంటే ఆ మాటలకు కూడా కొంచెం అర్థం ఉన్నట్టు తెలిసింది. ఎదురుచూస్తున్న పిల్ల ఒకతె ఉందట అందులో. డ్రమ్ముల కింద పడి ఉండటంతో ఇంతసేపూ ఆమెను ఎవరూ చూడలేదు. బయట ఎల్లేశ్ బీడీ ఆర్పేశాడు.

ముందు బొటనవేలు లేచింది. తర్వాత మడమ. నేను ఆపలేదు, ఆపాలన్న సంగతే మరిచిపోయాను. చెప్పు ఊడి సిమెంటు మీద పడి చప్పుడైతే గానీ నాకు తెలియలేదు.

ఎస్తేర్ ఆపేసింది.

“కదిలింది” అన్నాడు జనార్దన్, దవాఖానలో డాక్టరు చెప్పినట్టు. “డబ్బాలు వద్దు.”

“ఎట్ల వద్దంటవ్?” మహేశ్వర్ అద్దాలు నెత్తి మీదినుంచి తీశాడు. “టేపు నడిచినంత సేపు కదల్లేదు గద.”

“పాట అదే గదా సార్” అన్నాడు జగదీశ్.

“పాట అదే. సౌండ్ వేరే. మేం అమ్మేది సౌండ్.”

“కాలు కాలే సార్. ఒక్కపారి కదిలిందంటే కదిలినట్టే.”

“అట్లెట్లయితది? టేపు ఆగినంక కదిలిన కాలు లెక్కలకు రాదు. కావాలంటే ఆటో ఆయన్నే అడుగుండ్రి. ఏమన్న, నీ ఆటోల క్యాసెట్ పెడతవా, ఈ అమ్మాయిని కూసోవెట్టి పాడిపిస్తవా?”

ఎల్లేశ్ తన ఆటో సీట్ల వైపు చూశాడు. “క్యాసెట్టే పెడ్త సార్. అక్క కూసుంటే ఒక సీటు పోతది.”

చాలాసేపు వాదించుకున్నారు. భూమి తగాదాలో కూడా మా ఊరి పెద్దలు అంత శ్రద్ధగా మాట్లాడటం నేను వినలేదు. కుడికాలు ఎప్పుడు, ఎంత, దేనికి కదిలిందని నన్ను సాక్షిగా అడిగారు. చివరికి తేలింది ఇది. క్యాసెట్‌కు కాలు కదల్లేదు కాబట్టి క్యాసెట్ హిట్. పిల్ల గొంతుకు కాలు కదిలింది కాబట్టి గొంతు ఫ్లాప్. రెండూ వేరు వేరు సరుకులు.

స్వామిదాసు అంతా విని, బస్సులో చిల్లర లెక్క తేలనప్పటిలాగా నుదురు రుద్దుకున్నాడు. “అంటే సార్, నా బిడ్డ ఎంత తక్కువ వినబడితే అంత మంచిగ ఆడుతదన్నట్టు.”

“కరెక్ట్ సార్” అన్నాడు మహేశ్వర్. పాపం, ఆయన మనసులో ఏ చెడూ లేదు.

నేను చెప్పు తొడుక్కోవడానికి వంగాను. అంతలో కరెంటు వచ్చింది. టేపులో మగ గొంతు “కమాన్” అన్నది. అందరూ డబ్బాల లెక్కలో పడ్డారు. నేను చెప్పు తొడుక్కుని లేచి చూసేసరికి గోడ దగ్గర ఎస్తేర్ లేదు.

క్యాసెట్ ఆడింది. ఎట్లా ఆడిందని అడగకండి. చేవెళ్లలో పెండ్లి బరాతులకు అదే, జన్వాడ ఫాంహౌసుల్లో శనివారం అదే. స్వామిదాసు బస్సులో టికెట్ చింపుతూ, “గా పాట నా బిడ్డదే, ముందుకు జరుగుండ్రి” అనేవాడు. ఇంట్లో జావా మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకరోజు ఎస్తేర్ నవ్వుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. ఎల్లేశ్ ఆటోలో వస్తుంటే తన పాటే వస్తోందట. ఊరికే దాంతో కలిసి గొంతెత్తిందట. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల విసుక్కుని, “అక్కా, జర ఆగవా, పాట ఖరాబైతున్నది” అన్నదట. చెబుతూ చెబుతూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత తుడుచుకుంది. ఎక్కువసేపే తుడుచుకుంది.

“మహేశ్వర్ సార్ ఇంకో క్యాసెట్ పాడమంటున్నడు తాతా.”

“ఏమన్నవ్ మరి?”

“అన్ని పాటలు మీరు చెప్పినట్టే పాడ్త, బీ సైడ్ల ఆఖరి పాట మాత్రం నాది అన్న. మిషిన్లు వద్దు, డ్రమ్ములు వద్దు, గా కమాన్ అనేటోడు వద్దు. నేనే.”

“ఒప్పుకున్నడా?”

“ఒప్పుకున్నడు. ఆడిదాక ఎవడు వింటడమ్మా అన్నడు.”

“కోపం రాలేదా నీకు?”

“వచ్చింది. గని పాట ఉన్నది గద తాతా.”

రెండో క్యాసెట్ వచ్చింది. మళ్లీ బెంచీ, మళ్లీ చాయ్. ఆఖరిది తప్ప ఏ పాటకూ నా కాలు కదల్లేదు. ఆఖరి పాటకు మాత్రం జనార్దన్ నా ముఖం కూడా చూడలేదు. నేరుగా ఫోన్ తీసి, “ఢోకా లేదు బావా. ఆఖరుది ఒక్కటి పోయింది, గని అది ఆఖరుకే ఉన్నది, ఫికర్ లేదు” అన్నాడు. అనుకున్నట్టే అయింది. క్యాసెట్ ఆడింది. ఆ ఒక్క పాట దగ్గరికి వచ్చేసరికి ఆటోవాళ్లు తిప్పేసేవారు.

అయితే మధ్యాహ్నం పూట కాలేజీ పిల్లలు తరగతుల్లో ఉంటారు. హిమాయత్‌నగర్ మలుపు దగ్గర ఆటోలు వరసగా ఖాళీగా నిలబడతాయి. డ్రైవర్లు వెనక సీటులో పడుకుని, కాళ్లు బయటికి వేలాడేసి నిద్రపోతారు. టేపులు నడుస్తూనే ఉంటాయి, తిప్పే వాళ్లు ఉండరు. అప్పుడు నడుస్తుంది ఆ పాట చివరిదాకా. గడ్డి కోసుకొస్తానని అంతమ్మకు చెప్పి నేను అటు పోయేవాణ్ని. ఒకసారి ఎల్లేశ్ ఆటో పక్కన నిలబడి విన్నాను. మంచి నిద్రలో ఉన్నాడు. బయటికి వేలాడుతున్న అతని కాలు కొంచెం కొంచెంగా కదులుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మూడో క్యాసెట్‌లో ఆ పాట చోటు కూడా తీసేస్తారు.

ఇదంతా జరిగినట్టే చెప్పాను, ఒక్కటి తప్ప. ఆ శనివారం కరెంటు పోలేదు. టేప్‌రికార్డర్ ప్లగ్గు నా బెంచీ వెనక గోడకు ఉండేది. ఇంక వినలేక ఎడమచేత్తో పీకాను. చెప్పు తొడుక్కోవడానికి వంగానన్నాను చూడండి, అదీ ప్లగ్గు పెట్టడానికే. దుకాణంలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. చప్పుడాగితే కరెంటు పోయిందనుకోవడం మా వాళ్లకు అలవాటు కాబట్టి ఒక్కరూ తలెత్తి చూడలేదు. చూసే తీరిక కూడా లేదు. అందరూ నా కాలినే చూస్తున్నారు.